నిష్క్రమణలు మాత్రమే

పెరట్లో బండమీద బొమ్మిడాయిలు బూడిద వేసి తోముతున్నాను. జిగురు పూర్తిగా వదలాలి, లేకపోతే పులుసు నీచు కొడుతుంది. సగం చేపలు తోమేసరికి వీధరుగు మీద కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది. మా ఇంట్లో కుర్చీ ఒక్కటే. అది కదిలిందంటే ఎవరో పెద్దవాళ్లు వచ్చారన్నమాట.

తొంగి చూశాను. విమానాశ్రయం డైరెక్టరు ప్రభంజనరావు గారు కూర్చుని ఉన్నారు. ఆయన అసిస్టెంటు నిరంజన్ ఫైళ్లు పట్టుకుని పక్కన నిలబడ్డాడు. మా నాన్న రాఘవులు చేతులు కట్టుకుని మెట్టు కింద నిలబడ్డాడు. నాన్న గవ్వలంక రేవులో పడవ నడుపుతాడు. గోదావరి మధ్యలో ఉన్న మా లంక నుంచి ఎవరు ఎటు వెళ్లాలన్నా ఆ పడవే ఆధారం.

విమానాశ్రయం సంగతి ముందు చెప్పాలి. మా లంకని పర్యాటక దీవిగా ప్రకటించాక, ఆదివారాలు అవతలి ఒడ్డు రేవుపాలెం నుంచి కొందరు రావడం మొదలుపెట్టారు. పులస అని చెప్పి పెట్టిన ఏదో ఒక చేప తిని, సెల్ఫీలు దిగి, సాయంత్రానికి వెళ్లిపోయేవాళ్లు. వాళ్ల పేరు చెప్పుకుని మేం వంతెన అడిగాం. ప్రభంజనరావు గారు ఓపిగ్గా నచ్చజెప్పారు. వంతెన వేస్తే దీవి దీవి కాకుండా పోతుంది. దీవి కాకపోతే పర్యాటక దీవి నిధులు రావు. నిధులు రాకపోతే వంతెన వేయలేం. అదే విమానాశ్రయమైతే దీవికి ఏ హానీ ఉండదు.

అలా వంకాయ తోటలు పోయి రన్‌వే వచ్చింది. ఈ కొసన గోదావరి, ఆ కొసన గోదావరి. ఒకసారి చిన్న విమానం ఒకటి వచ్చి లంక మీద రెండు చుట్లు తిరిగింది. దిగడానికి అభ్యంతరం లేదుగాని, దిగాక ఆగడానికి చోటు లేదని పైలట్ చెప్పి వెళ్లిపోయాడట. మిరపకాయలు ఆరబోసుకోవడానికి మాత్రం అంత మంచి కళ్లం మా తాతలు కూడా చూసి ఉండరు.

"రాఘవులూ, ప్రారంభోత్సవానికి ముహూర్తం ఖరారైంది" అన్నారు ప్రభంజనరావు గారు. "అది మంత్రిగారి తేదీ. ముందుకు జరగవచ్చుగాని వెనక్కి జరగదు."

"ఆయ్, అలాగేనండి."

"విమానం లేదు."

"లేదండి."

"విమానం లేకపోవడం విమానాశ్రయం లోపం కాదు. అది పూర్తిగా విమానం వైపు నుంచి జరిగిన లోపం."

"ఆయ్."

ఆయన చెయ్యి చాపారు. నిరంజన్ అందులో ఒక కాగితం పెట్టాడు. "నిర్వచనం విను. 'ప్రయాణికులను నిబంధనల మేరకు తనిఖీ చేసి, నేలను విడిచి వెళ్లు వాహనమందు ఎక్కించు స్థలము.' ఇందులో గాలి అన్న మాట ఎక్కడైనా వినిపించిందా?"

"లేదండి."

"నీ పడవ నేలను విడిచి వెళ్తుందా, లేదా?"

నాన్న నవ్వాడు. "విడవకపోతే కదలదు కదండి బాబూ. ఇసకలో కూరుకుపోద్ది."

"అయితే ఈ క్షణం నుంచి నువ్వు కెప్టెన్‌వి."

నాన్న కట్టుకున్న చేతులు విప్పేశాడు. ఆ చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో చాలాసేపు తెలియలేదు ఆయనకి.

భూలక్ష్మి వదిన మజ్జిగ గ్లాసు తెచ్చి డైరెక్టరు గారికిచ్చింది. అన్నయ్య కాకినాడలో చేపల బోటు మీద పనిచేస్తాడు, వచ్చేది అమావాస్యకో పున్నానికో. వదినకి అప్పుడు ఐదో నెల. మొదటి కాన్పు ఇంట్లోనే జరిగింది. వరద వల్ల పడవ కదల్లేదు, బిడ్డ దక్కలేదు. ఈసారి నొప్పులు మొదలైన వెంటనే రేవుపాలెం ఆసుపత్రికి చేరాలని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. మా ఇంట్లో అందరికీ ఉన్న బెంగ అదొక్కటే.

"బాబుగారూ, మరి నాకు నెప్పులొచ్చిన వేళకి ఆ ఒడ్డుకి దాటిత్తారా?" అని అడిగింది వదిన.

"అమ్మా, ఇన్నాళ్లూ నువ్వు పడవలో దాటావు. ఇకమీదట అదే నదిని అంతర్జాతీయ ప్రమాణాలతో దాటుతావు" అన్నారు ప్రభంజనరావు గారు.

వదిన నాన్న వైపు చూసింది. "మావయ్యా?"

"నీ మావ కెప్టెనయ్యాక నీకు భయమేంటమ్మా?" అన్నాడు నాన్న.

వెళ్లబోతూ ఆయన నన్ను చూశారు. "ఈ అమ్మాయి ఏం చదివింది?"

"ఇంటరండి. ఊళ్లో బడి అయ్యాక ఆ ఒడ్డున కాలేజీకి ఎల్లింది" అంది అమ్మ.

"గొంతు ఎలా ఉంటుంది?"

"ఉందో లేదో మాకూ తెలీదు బాబూ. వాడితే కదా!"

వాడనిది పాడవదు అని ఆయన సెలవిచ్చి, నన్ను ప్రకటనలు చదివే ఉద్యోగంలో వేసుకున్నారు.

*

కొత్త టెర్మినల్ పైకప్పు అద్దాలతో కట్టారు. ఏసీకి కరెంటు రాలేదు. మొదటిరోజే నిరంజన్ అందులో స్పృహ తప్పి పడిపోయాడు. కాబట్టి తాత్కాలికంగా మా వీధరుగే టెర్మినల్ అయింది. మా గుమ్మానికి కుడివైపు తనిఖీ, ఎడమవైపు బోర్డింగ్ పాసులు. మధ్యలోంచి మా అమ్మ చెత్త ఊడ్చుకుంటూ వెళ్లేది.

మంత్రిగారు రిబ్బను కత్తిరించారు. ఆ కత్తెరని నిరంజన్ వెంటనే స్వాధీనం చేసుకున్నాడు. పదునైన వస్తువట.

లంక మొత్తంలో రోజూ దాటే మనిషి అప్పాయమ్మ. కూరగాయల గంప నెత్తిన పెట్టుకుని రేవుపాలెం బజారుకి వెళ్లి అమ్ముకొస్తుంది. ఆమె గంపలోంచి నిరంజన్ ఒక్కొక్క బీరకాయా తీసి వెలుతురులో పట్టుకుని చూశాడు.

"ఏరా నాయనా, బీరకాయతో ఎవుడి పీక కోత్తాననుకున్నావు?"

"భద్రతా నిబంధనమ్మా. లోపల ఏముందో చూడాలి."

"లోపల గింజలుంటాయి. మీ అమ్మ నీకెప్పుడూ కూరొండి పెట్టలేదా?"

పాలు తీసుకెళ్లేవాళ్లని ద్రవపదార్థాల కింద ఆపేశారు. పాలు తోడుపెట్టి పెరుగు చేస్తే అది ద్రవమా ఘనమా అని పై ఆఫీసుని అడుగుతూ లేఖ రాశారు. పడవలో సీటు బెల్టు బదులు ప్రతి మనిషికీ నడుముకి కొబ్బరి తాడు కట్టారు. నేను మైకు పట్టుకుని, "దయచేసి గమనించండి. గవ్వలంక నుండి రేవుపాలెం వెళ్లు వాహనం బయలుదేరుటకు సిద్ధముగా నున్నది" అని చదివేదాన్ని. నదికి అవతల రేవుపాలెం సోడా బండివాడు నా గొంతు విని చెయ్యి ఊపేవాడు. అంత దూరమే మా ప్రయాణం.

మా రేవుకి ఒక మర్యాద ఉంది. గట్టుమీద మనిషి కనబడితే పడవ ఆగుతుంది. ఎంత దూరాన కనబడినా సరే, వచ్చి ఎక్కేవరకు ఆగుతుంది. లోపల కూర్చున్నవాళ్లు ఒక్కరూ విసుక్కోరు, రేపు గట్టుమీద ఉండేది తామే కావచ్చు కనుక. విమానాశ్రయానికి ఈ మర్యాద పనికిరాలేదు. గేటు మూశాక ఎవరినీ ఎక్కించకూడదు. మూడోరోజే అప్పాయమ్మ గంపతో పరుగెత్తుకొస్తుంటే గేటు మూసేశారు. గేటంటే మా అరుగు మెట్లకి అడ్డం కట్టిన పసుపు తాడు.

"ఒరే రాఘవులూ! నేను కనబడతన్నానా లేదా?" అని అరిచింది ఆమె గట్టుమీంచి.

నాన్న కొత్త టోపీ సర్దుకుని నీళ్ల వైపు చూశాడు. పడవ కదిలింది. నాన్న ఆమెని చూడనట్టు నటించడం అదే మొదటిసారి. తరవాత అలవాటైపోయింది.

ఇంకో పడవలో పోదామంటే ఇంకో పడవ లేదు. మా రేవుకి ఎగువా దిగువా ఉన్న నీళ్లన్నీ నియంత్రిత గగనతలమని ప్రకటించి, వలపడవలన్నిటికీ గొలుసులు వేసి తాళాలు పెట్టారు. "గగనం కిందకెప్పుడు దిగిందిరా?" అని అప్పాయమ్మ అడిగింది. దానికి సమాధానం చెప్పే అధికారం తనకి లేదన్నాడు నిరంజన్.

*

అసలు చిక్కు మొదటిరోజు సాయంత్రమే వచ్చింది. వెళ్లినవాళ్లు అవతలి ఒడ్డున నిలబడి కేకలేస్తున్నారు. నాన్న వాళ్లని ఎక్కించుకుందామని పడవ తీయబోతుంటే నిరంజన్ ఆపాడు.

"కెప్టెన్, మనకి అనుమతి నిష్క్రమణలకు మాత్రమే వచ్చింది. ఆగమనాల అనుమతి వేరే శాఖ ఇవ్వాలి. పరిశీలనలో ఉంది."

"మరి ఎల్లినోళ్లు ఎలా వత్తారండి?"

"వచ్చే విషయం పరిశీలనలో ఉన్నప్పుడు రావడం సబబు కాదు. వాహనం ఖాళీగా తిరిగి రావాలి" అన్నారు ప్రభంజనరావు గారు.

"ఖాళీ పడవకి గాలి తగిలితే పల్టీ కొడద్దండి. మేం ఖాళీగా వచ్చేటప్పుడు బరువుకి ఇసక బస్తాలు ఏసుకుంటాం."

ఆయన అసిస్టెంటు వైపు తిరిగారు. "బరువుకి అనుమతి అవసరమా నిరంజన్?"

నిరంజన్ కాగితాలన్నీ తిరగేశాడు. "బరువు ప్రస్తావన ఎక్కడా లేదు సార్."

అప్పుడు నాన్న గొంతు సవరించుకున్నాడు. "మనుషులు కూడా బరువేనండి" అన్నాడు.

ప్రభంజనరావు గారు లేచి నిలబడి నాన్నతో చెయ్యి కలిపారు. ఆ మాట తనకే తట్టినందుకు నాన్న వారం రోజులు మురిసిపోయాడు. ఎదురుపడిన ప్రతివాడికీ చెప్పాడు.

అలా మా లంకవాళ్లందరూ వెళ్లేటప్పుడు ప్రయాణికులు, వచ్చేటప్పుడు బరువు అయ్యారు. బరువుకి కొన్ని నియమాలున్నాయి. బల్లల మీద కూర్చోకూడదు, అడుగున కూర్చోవాలి. మాట్లాడకూడదు, బరువు మాట్లాడదు కనుక. టిక్కెట్టు మాత్రం లేదు.

"ఊరికే దాటిత్తానంటే బరువేంటి, బండరాయనుకో, నాకేం?" అంది అప్పాయమ్మ. లంకంతా అదే మాట అంది. ఎవరికీ ఏ అభ్యంతరమూ కనబడలేదు. నాకూ కనబడలేదు.

ఏడో నెలలో వదిన స్కానింగుకి వెళ్లింది. నిరంజన్ ఆమెకి బోర్డింగ్ పాసు ఇచ్చాడు. నేను ప్రకటన చదివాను. నాన్న ఆమెకి ముందు వరుసలో చోటిచ్చి, తాడు మెల్లిగా వదులు చేసి కట్టాడు. సాయంత్రం ఆమె పడవ అడుగున, కొబ్బరికాయల బస్తాకి ఆనుకుని, పొట్టమీద చేతులు పెట్టుకుని వచ్చింది. బిడ్డ అడ్డంగా ఉందట. నొప్పులు వస్తే ఒక్క గంట కూడా ఆలస్యం చేయొద్దని డాక్టరమ్మ చెప్పిందట. ఆ మాట పడవలో చెప్పకూడదు కాబట్టి ఇంటికొచ్చాక చెప్పింది.

*

రెండు నెలల్లో మా విమానాశ్రయానికి పై ఆఫీసు నుంచి ప్రశంసాపత్రం వచ్చింది. నిష్క్రమణల్లో మాదే మొదటి స్థానమట. దాంతోపాటు ఒక కంప్యూటర్ కూడా వచ్చింది. అంతవరకూ నిరంజన్ చేత్తో రాసిన పేర్లన్నీ అందులోకి ఎక్కించారు. కంప్యూటర్ లెక్క కట్టి చూసి, నిష్క్రమణల సంఖ్య లంక జనాభాని మించింది కాబట్టి గవ్వలంకలోని జనమంతా వెళ్లిపోయారని, ఒక్కరూ రాలేదని తేల్చింది.

ముందు బియ్యం ఆగాయి. లంకలో తినేవాళ్లు లేరని చౌకదుకాణం మూయించారు. తరవాత బడి పంతుల్ని బదిలీ చేశారు. పిల్లలు ఎదురుగా కూర్చుని ఉండగానే ఆయన బదిలీ కాగితం చదివి, కళ్లజోడు తుడుచుకుని, పెట్టె సర్దుకున్నాడు.

ఊరు ఊరంతా మా అరుగు ముందుకొచ్చింది. ప్రభంజనరావు గారు చాలా సంతోషంగా ఉన్నారు.

"మీకందరికీ అభినందనలు. జనావాసం లేని ద్వీపాలకి పర్యాటక శాఖలో ప్రత్యేక శ్రేణి ఉంది. ఎంతో కాలంగా ఏ ద్వీపమూ ఆ స్థాయికి చేరుకోలేదు. మీరు చేరుకున్నారు."

"చేరుకున్నది ఎవరండి? మేం లేం కదా?" అన్నారు ఎవరో వెనకనుంచి.

"అదే మీ గొప్పతనం" అన్నారాయన.

అసలు దెబ్బ మర్నాడు తగిలింది. అప్పాయమ్మ గంపతో వచ్చింది. నిరంజన్ ఆమె పేరు కంప్యూటర్‌లో కొట్టాడు. కంప్యూటర్ ఎర్రగా మెరిసింది.

"మీకు పాసు ఇవ్వలేనమ్మా. మీరు ఆల్రెడీ వెళ్లిపోయారు."

"ఎక్కడికి?"

"రేవుపాలెం. వెళ్లిపోయిన మనిషి మళ్లీ వెళ్లడం కుదరదు. ముందు మీరు రావాలి. ఆగమనాలకి అనుమతి లేదు."

"నేనెల్లిపోతే నీ ముందు నిలబడిందెవర్తిరా?"

"ఆ విషయం మా శాఖ పరిధిలోకి రాదు."

అప్పాయమ్మ గంప దించింది. "సరే నాయనా. ఎల్లిపోయానంటన్నావు కదా, నా దినం కూడా పెట్టించెయ్యి. గారెలొండించు. భోజనానికి వత్తాను."

అందరూ నవ్వారు. నిరంజన్ కూడా నవ్వాడు. కాని పడవ, బరువుగా వచ్చిన ఇద్దరు పర్యాటకులతోనే వెళ్లింది. గంపలో బెండకాయలు మూడురోజులకి ముదిరిపోయాయి. ఒక్కసారి కూడా నదిని దాటనివాళ్లకి మాత్రమే ఇప్పుడు నదిని దాటే అర్హత ఉంది. అలాంటివాళ్లు లంకలో మంచానపడ్డ ముసలివాళ్లు, చంటిపిల్లలు. నేనూ నాన్నా సిబ్బంది కాబట్టి మా పేర్లు ఏ లెక్కలోకీ రాలేదు.

ఆ సాయంత్రం వదిన నాన్నకి అన్నం వడ్డిస్తూ అడిగింది. ఆమెకి నెలలు నిండాయి. వంగడం కష్టంగా ఉండి గోడ పట్టుకుని వడ్డిస్తోంది.

"మావయ్యా, స్కానింగుకి ఎల్లాను కదా. నేనూ ఎల్లిపోయినట్టేనా?"

నాన్న ముద్ద కలుపుతూ ఆగాడు. "డైరెక్టరు గోరు పైకి రాశారమ్మా. అనుమతి వచ్చేత్తాది."

"రాకపోతే?"

"వచ్చేత్తాదంటన్నాను కదా! పద్ధతి పెకారం జరగాలి. ఊరికే ఎవడు పడితే వాడు పడవెక్కే రోజులు పోయాయి."

వదిన గిన్నె తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ రాత్రి నాన్న రెండో ముద్ద తినలేదని అమ్మ చూసింది, నేనూ చూశాను.

*

నాలుగురోజులకి, పొద్దున్నే ఎండ అరుగుమీదకి వచ్చే వేళకి వదినకి నొప్పులు మొదలయ్యాయి. అమ్మ పరుగున అరుగుమీదకి వచ్చింది. ప్రభంజనరావు గారు కాఫీ తాగుతున్నారు. నిరంజన్ కంప్యూటర్ ముందున్నాడు. నాన్న యూనిఫాంలో స్తంభం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు.

"ఏవయ్యా, పిల్లకి నెప్పులొచ్చేశాయి. పడవ తియ్యి" అంది అమ్మ.

నాన్న లేచి, ప్రభంజనరావు గారి వైపు చూశాడు.

"పేరు?" అన్నాడు నిరంజన్.

"పేరడుగుతావేంటయ్యా, నాలుగు నెలల నుంచి దాని చేతి మజ్జిగ తాగుతున్నావు! భూలక్ష్మి!"

నిరంజన్ కొట్టాడు. ఎర్రగా మెరిసింది. "భూలక్ష్మిగారు రెండు నెలల కిందటే నిష్క్రమించారు సార్."

లోపలినుంచి వదిన మూలుగు వినిపించింది.

"ఎవరది?" అన్నారు ప్రభంజనరావు గారు.

"మా కోడలండి" అన్నాడు నాన్న.

"చూడండి కెప్టెన్, నేను కఠినుణ్ని కాను. మానవతా దృక్పథంతోనే చూద్దాం." ఆయన కప్పు పక్కన పెట్టారు. "డాక్టరుగారినే ఇక్కడికి పిలిపిస్తే?"

"ఆగమనం అవుతుంది సార్" అన్నాడు నిరంజన్.

"బరువుగా వస్తే?"

"ఆవిడ గెజిటెడ్ ఆఫీసరు సార్. బరువంటే ఒప్పుకోరు."

ఆయన కళ్లు మూసుకుని ఆలోచించారు. తెరిచేసరికి మొహం వెలిగింది. "బిడ్డ! బిడ్డ ఇంతవరకూ నిష్క్రమించలేదు కదా? బిడ్డకి ఏ అభ్యంతరమూ లేదు. పుట్టిన వెంటనే పేరు చెప్పండి. పాసు అప్పటికప్పుడు ఇస్తాం. ముందు వరుసలో సీటు."

"పుట్టాక ఆసుపత్రి ఎందుకయ్యా?" అంది అమ్మ. ఆమె నాన్న వైపు తిరిగింది. "అడ్డం తిరిగిన బిడ్డ. పోయినసారి ఇలాగే కదా, ఈ ఇంట్లోనే కదా... ఏవయ్యా, నోరు పడిపోయిందా నీకు?"

నాన్న టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "అయ్యా, పోనీ ఈ ఒక్కసారికి... బరువు కింద తీసుకెళ్లిపోతానండి. అడుగున కూకోబెట్టి. ఎవరితోనూ మాట్టాడదండి."

ప్రభంజనరావు గారు జాలిగా తల ఊపారు. "బరువు తిరుగు ప్రయాణానికే కెప్టెన్. వెళ్లేటప్పుడు పడవకి బరువు అక్కర్లేదు. ఈ సూత్రం మీరే చెప్పారు. పై ఆఫీసుకి మీ పేరుతోనే పంపించాను."

నాన్న మళ్లీ స్టూలు మీద కూర్చున్నాడు.

అప్పుడు వదిన లోపలినుంచి వచ్చింది. ఒక చేత్తో గుమ్మం పట్టుకుని, ఒక చేత్తో పొట్ట పట్టుకుని, ఒక్కక్షణం నిలబడింది. ఎవరినీ ఏమీ అడగలేదు. నిరంజన్ బల్లకీ ప్రభంజనరావు గారి కుర్చీకీ మధ్య దారి ఇరుకుగా ఉంది. ఆమె అక్కడిదాకా వచ్చేసరికి, లంకలో లేని ఆ మనిషికి దారి ఇవ్వడానికి ప్రభంజనరావు గారు కుర్చీ జరుపుకున్నారు. వదిన పసుపు తాడు ఎత్తి, దాని కిందనుంచి వంగి, మెట్లు దిగి రేవు వైపు నడిచింది. అమ్మ మూట చంకన పెట్టుకుని వెనకాల పరుగెత్తింది.

"అమ్మాయ్, ప్రకటన చదువు" అన్నారాయన నాతో. "ఈ పూట ఎవరూ బయలుదేరడం లేదు అని."

నేను మైకు తీసుకున్నాను. తిరిగి బల్లమీద పెట్టేశాను. అలాంటి ప్రకటన అలవాటు లేకేమోనని ఆయన అనుకున్నట్టుంది, బలవంతపెట్టలేదు.

"మీరు కంగారుపడకండి కెప్టెన్" అన్నారు నాన్నతో, కాఫీ కప్పు మళ్లీ అందుకుంటూ. "ఆవిడ వెళ్లి కూర్చున్నంత మాత్రాన నిబంధనకి భంగం లేదు. మీరు ఇక్కడే కూర్చున్నంతవరకూ వాహనం కదలదు. పత్రాల ప్రకారం అంతా సవ్యంగానే ఉంది."

నాన్న లేచాడు. ప్రభంజనరావు గారి వైపు గాని, నా వైపు గాని చూడలేదు. టోపీ స్టూలు మీద వదిలేసి మెట్లు దిగి, రేవు వైపు వెళ్లిపోయాడు.